కాలిన అడవిని ఆకాశమునుండి కొలుచుట

నేటి ప్రసంగమునకు నేనెన్నుకొన్న విషయము కాలిన అడవి. కొండలే లేని డెల్టావారికి అడవిమంటల ముచ్చట ఎందులకని మచిలీపట్టణమునను గుడివాడయందును కొందరు అనుకొనవచ్చును. దివిసీమవారు తమకు సముద్రపుటంచున మడ అడవి కలదందురు. కాని ఉప్పుటేటి బురదలో నిలిచిన ఆ చెట్లకు నిప్పుకంటె గాలివాన భయమును గొడ్డలి భయమునే హెచ్చు. అయినను మన కాలువలలో పారు కృష్ణనీరు నల్లమల కొండల నడుమగా దిగివచ్చినదే. ఆ కొండలపై జరుగు మేలుకీడులలో మనకును పాలు కలదు.

నా చిన్నతనమున, గుడివాడకు చేరువనున్న మా యూర, ఒక వేసవిలో గడ్డివామి అంటుకొనెను. మంటలార్పిన పిమ్మట పొరుగు రైతు "అంతయు పోయినది" అని తల పట్టుకొని కూర్చుండెను. మా పెదనాన్నగారు మాటాడక, పంగలకర్రతో నల్లబడిన పైపొరను లాగిరి. ఒక ప్రక్క జానెడు లోతున పచ్చని గడ్డి చెక్కుచెదరక యుండెను. రెండవ ప్రక్క నేలదాక బూడిదయే. అప్పుడాయన నాతో "నల్లగానున్న మేర కొలిచిన చాలదురా అబ్బాయీ, ఎంత లోతు కాలెనో చూడవలెను" అనిరి. పిదప చాల యేండ్లకు ఉపగ్రహములతో అడవిమంటల తీవ్రతను కొలుచు విధానమును చదివినప్పుడు నాకా మాటయే జ్ఞప్తికి వచ్చినది.

మన సీమలో నష్టపు లెక్క చిరకాలము కాలినడకన సాగినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై సముద్రము పొంగి సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో ఉప్పెన వేలకొలది జనమును మ్రింగినది. ఆ రెండుసారులును నష్టమెంతయో తెలియుటకు మనుష్యుడు బురదలో నడచి చూడవలసియే వచ్చెను. మైదానమందే ఇట్లైనచో, దారిలేని కొండ అడవిలో కాలిన నేలను ఎవడు నడచి కొలువగలడు?

దీనికి ఉపాయము కంటికి కానరాని ఒక వెలుగునుండి వచ్చినది. 1800 సంవత్సరమున ఇంగ్లండునందు విలియం హెర్షెల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని గాజుపట్టకముతో రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగునందును ఉష్ణమాపకమునుంచి చూచెను. ఎరుపునకు ఆవల, ఏ రంగును లేని చోట, వేడిమి మరింత హెచ్చుగా కనబడెను. ఆ కిరణములనే మనము పరారుణ కిరణములనుచున్నాము. 1910లో అమెరికా దేశీయుడైన రాబర్టు ఉడ్ ఆ వెలుగున చెట్ల ఛాయాచిత్రములను ప్రకటించెను. వానియందు పచ్చని ఆకులు మంచు కురిసినట్లు తెల్లగా నుండెను. ఆరోగ్యముగల ఆకు ఆ వెలుగును మెండుగా వెనుకకు త్రిప్పికొట్టుటయే దీనికి కారణము.

మన దేశమున ఈ విద్యకు కొబ్బరిచెట్టు తోడ్పడినదన్న దివిసీమవారు సంతసింతురు. 1970లో పిషారోత్ రామ పిషారోటిగారు కేరళమందు హెలికాప్టరునుండి పరారుణ ఫిలిముతో కొబ్బరితోటలను చిత్రింపజేసి, తెగులు సోకిన చెట్లను గుర్తించు మార్గము చూపిరి. 1972 జూలై 23న అమెరికావారు లాండ్‌శాట్ ఉపగ్రహములలో మొదటిదానిని పంపిరి. మన జాతీయ దూరసంవేదన సంస్థ 1974లో స్థాపింపబడినది. నేడది హైదరాబాదు కేంద్రముగా పనిచేయుచున్నది. 1988 మార్చి 17న మన ఐ.ఆర్.ఎస్. 1ఎ ఉపగ్రహము బైకనూరు నుండి ఆకాశమునకెగసెను.

ఇక కొలత సంగతి. పరారుణమునందే రెండు తరగతుల వెలుగును తీసికొందురు. మొదటిదానిని పచ్చని ఆకు త్రిప్పికొట్టును. రెండవదానిని ఆకులోని తేమ పీల్చుకొనును. అడవి కాలినచో ఆకు పోవును గనుక మొదటిది తగ్గును; తేమ పోవును గనుక రెండవది పెరుగును. మొదటిదానినుండి రెండవదానిని తీసివేసి, ఆ శేషమును రెండింటి మొత్తముచే భాగింతురు. ఊహకొరకు ఒక లెక్క చెప్పెదను. మంటకు ముందు మొదటిది 40, రెండవది 10 అనుకొనుడు. శేషము 30, మొత్తము 50, ఫలము 0.6. మంట తరువాత ఒకచోట 35, 15 ఉన్నచో ఫలము 0.4. అనగా తగ్గినది 0.2 మాత్రమే, అది పైపైని కాలిన చోటు. ఇంకొకచోట 15, 25 ఉన్నచో ఫలము సున్నకు దిగువన 0.25. తగ్గుదల 0.85, అచట అడవి లోతుగా కాలినది. 1991లో స్పెయినునందు లోపెజ్ గార్సియా, కసెల్లెస్ అను పండితులు ఈ రెండు వెలుగుల పోలికను కాలిన నేలపై ప్రయోగించి చూపిరి. తరువాత అమెరికాయందు కార్ల్ కీ, నేట్ బెన్సన్ అనువారు ముందువెనుకల భేదమును తీవ్రతకు కొలబద్దగా తీర్చిరి.

ఈ కొలతవలన ప్రయోజనమేమి? పైపైని కాలిన చోట చెట్ల మొదళ్లు తరచుగా మరల చిగురించును. అచట గోతులు త్రవ్వి మొక్కలు నాటుట ధనవ్యయమే గాక, వచ్చు చిగురును త్రొక్కివేయుటయు నగును. లోతుగా కాలిన వాలున నేలను పట్టియుంచు ఆకుచెత్త ఉండదు. తొలకరి వాన మట్టిని వాగులోనికి ఈడ్చుకొనిపోవును. అడ్డుకట్టలు ముందుగా వేయవలసినది అచ్చటనే. శ్రీశైల జలాశయము తొలుత సుమారు 308 టి.ఎం.సి.ల నీటిని పట్టునట్టిది. పూడికచేత తరువాతి కొలతలలో అది సుమారు 216కు దిగినది. ఆ పూడికయంతయు మంటలవలననే వచ్చినదనుట తప్పు. దానిలో హెచ్చుభాగము ఎగువ రాష్ట్రముల నేలలనుండి వచ్చినదే. కాని నష్టము ఉన్నచోట దానికి మరికొంత తోడుచేసికొనుట వివేకము కాదు.

ఇచట ఒక భేదమును గ్రహింపవలెను. మంట మండుచున్నదని చెప్పుట వేరు, ఎంత కాలెనో చెప్పుట వేరు. డెహ్రాడూనునందలి భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుండి మంటల వార్తను ఉపగ్రహముల మూలమున అటవీశాఖలకు పంపుచున్నది. 2014 మార్చిలో శేషాచలమున మంటలు చెలరేగినప్పుడు ఆర్పుటకు వైమానికదళపు హెలికాప్టరులు వచ్చినవి. తీవ్రతను కొలుచుట మంట చల్లారిన తరువాతి పని.

ఆకాశపు కన్ను పొరబడదా అని మీరడుగుదురు. పొరబడును. నల్లమల చెట్లలో అనేకములు వేసవిలో తమంతట తామే ఆకు రాల్చును; మోడైన కొండను కాలిన కొండ అనుకొను ప్రమాదము కలదు. అందుచేత నిరుటి వేసవిలో అదే మాసపు చిత్రముతో పోల్చుదురు. గుబురైన చెట్లక్రింద గడ్డి కాలినచో పైనుండి కానరాదు. మడ అడవిలో పాటుపోటులనుబట్టి బురద తడి మారును గనుక అచ్చట లెక్క మరింత కష్టము. మబ్బు పట్టినచో చూచుటయే లేదు.

అందువలననే ఈ విద్యను కనిపెట్టినవారు చిత్రముతోనే తృప్తిపడక, ఎంచిన కొన్ని చోట్లకు నడచివెళ్లి, ఆకుచెత్త ఎంత లోతు కాలినదో, పొదలెన్ని మిగిలినవో, చెట్టు ఎంత ఎత్తువరకు మాడినదో చూచి, ఆ లెక్కతో ఆకాశపు లెక్కను సరిచూచుకొనిరి. కొండదారులెరిగిన చెంచువారి మాటయు, అడవి కావలివారి మాటయు ఇచట విలువగలవి. ఉపగ్రహము ఏ కొండను ముందు చూడవలెనో చెప్పును. అచటికి పోయి పంగలకర్రతో పైపొరను లాగి చూచు పెదనాన్నగారు మాత్రము ఇప్పటికిని కావలసియున్నారు.