లెక్కకు రాని మూడు వేళ్లు

మా జిల్లా చరిత్ర రాసేటోళ్లు బోధన్ శక్కర్ ఫ్యాక్టరీతోని మొదలువెడ్తరు. 1938ల నిజాం కాలంల నడిచింది, ఆసియాలనే పెద్దదన్నరు, 2002ల ప్రైవేటోళ్లకిచ్చిన్రు, 2015ల మూసిన్రు. అంతా నిజమే. గాని మా బాల్కొండ మాదిగోళ్లకు మిషిను అంటె శక్కర్ ఫ్యాక్టరీ గాదు, పసుపు గోదాంల తిరిగే డ్రమ్ము.

పసుపు తవ్వి, ఉడకబెట్టి, పది పదిహేను దినాలు ఎండబెట్టినంక గూడ కొమ్ముకు గరుకు పొట్టు మిగులుతది. పూర్వం కాళ్లకు గోనెపట్టా చుట్టుకోని తొక్కి పొట్టు తీసేది. కరెంటు మోటర్లు వచ్చినంక జాలి డ్రమ్ముల వోసి తిప్పుడు మొదలైంది. కొమ్ము మెరుస్తది, నిజామాబాద్ యార్డుల ధర పలుకుతది. ఆ దుమ్ముల పక్కనున్న మనిషి కనవడడు.

1986 ఎండకాలం. మోటరుకూ డ్రమ్ముకూ నడుమ పట్టా, దానికి ఏ అడ్డమూ లేదు. పట్టా జారుతుంటె మోటరు ఆపకుండనే సర్దుమన్నరు. మా బాపు కుడిచేతి మూడు వేళ్లు పోయినయి. సేటు 200 రూపాయలిచ్చి తెల్లకాయితం మీద వేలిముద్ర ఏయించుకున్నడు. బొటనవేలు మిగిలింది గద!

బాపు డప్పు కొట్టేటోడు. ఇగ కుడిచేతిల సిర్ర నిలువలేదు. ఊరు ఊకుంటదా? చావుకు డప్పు గావాలె. బాపు బదులు పన్నెండేండ్ల నన్ను పిలిచిన్రు. బడి ఇడిసిపెట్టి పోయిన. ఎన్నిసార్లు పోయిన్నో గుర్తులేదు, బాపు ఇంట్ల గోడదిక్కు తిరిగి పండుకునుడు మాత్రం గుర్తుంది.

1994ల డిగ్రీ చదివేటప్పుడు 1923 నాటి నష్టపరిహార చట్టం చేతికొచ్చింది. దాంట్ల వేళ్లకు పట్టిక ఉంది. ఒక చేతి మూడు వేళ్లు పోతె సంపాదించే శక్తిల నూటికి 30 పోయినట్టు లెక్క. దావా రెండేండ్లల్ల ఏయాలె. మాకు ఎనిమిదేండ్లు గడిచినయి. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తె తీసుకుంటరని ఒక వకీలు అన్నడు. కారణం ఉంది. బాపు ఆడ పనిజేసినట్టు కాయితం లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం తిరిగే భాగాలకు కంచె ఉండాలన్నది, గాని కరెంటుతోని నడిచేకాడ పదిమంది ఉంటెనే అది ఫ్యాక్టరీ. గోదాంల పదిహేను మందిమి చేసేది, రిజిస్టర్ల ఏడు పేర్లు. ఆ ఏడుల బాపు లేడు.

మా వాడల ఇట్ల వేళ్లు, చేతులు పోయినోళ్లు నాకు తెలిసి నలుగురు. ఇద్దరు డ్రమ్ము కాడ, ఒకామె పొట్టు ఎత్తుతుంటె కొంగు పట్టాల వడి, ఒకాయన చెరుకు గానుగల. 2025ల నిజామాబాద్‌ల జాతీయ పసుపు బోర్డు ఆఫీసు తెరిచినప్పుడు ఆ నాలుగు పేర్లు ఒక కాయితం మీద రాసిపెట్టిన. గానుగ కాడి ఆయన ఇంటిపేరు మా అవ్వనడిగితె గాని తెల్వలేదు.