కింది శ్రేణి క్లబ్బుల నాకౌట్ కప్పు: చరిత్ర, హైదరాబాద్ అనుభవం

ఓడిన జట్టు అక్కడితో ఇంటిదారి పట్టే ఫుట్‌బాల్ పోటీని నాకౌట్ కప్పు అంటారు. పెద్ద లీగుల్లో చోటు లేని క్లబ్బుల కోసమే జరిపే కప్పు అందులో ఒక రకం. గెలవలేనివాళ్లను ఊరడించడానికి పెట్టిన పోటీగా చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. కానీ చరిత్ర చూస్తే చిన్న క్లబ్బులకు ఊపిరి పోసింది నాకౌట్ పద్ధతే. కారణం ఖర్చులోనే ఉంది. నిర్మల్ జిల్లా ఖానాపూర్ లాంటి ఊళ్లో పదకొండు మంది కుర్రాళ్లు జట్టు కట్టడం కష్టం కాదు. ఆ జట్టు ఆదిలాబాద్‌కూ మంచిర్యాలకూ కరీంనగర్‌కూ నెలల తరబడి తిరిగి లీగు ఆడాలంటే మాత్రం బస్సు చార్జీలే మోయలేదు. నాకౌట్ అయితే ఒక గ్రౌండు, ఒక వారం, తలా ఇంత వేసుకున్న ఎంట్రీ ఫీజు చాలు. మన ఊళ్ల కబడ్డీ, వాలీబాల్ టోర్నమెంట్లు ఎక్కువగా ఈ పద్ధతిలోనే సాగడానికీ కారణం ఇదే.

ఈ పోటీలకు పుట్టిల్లు ఇంగ్లండ్. అక్కడ 1871-72లో ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్.ఏ.) కప్పు మొదలైంది. జీతాలిచ్చే క్లబ్బులు బలపడేసరికి డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లు వెనకబడ్డారు. వాళ్ల కోసం 1893లో అమెచ్యూర్ కప్పు వచ్చింది. ఆటగాళ్లకు ఎంతో కొంత చెల్లిస్తూ, పెద్ద లీగులోకి మాత్రం చేరలేని క్లబ్బులు ఈ రెంటికీ మధ్య మిగిలాయి. వాటి కోసం 1969-70లో ఎఫ్.ఏ. ట్రోఫీ పెట్టారు, మొదటి విజేత మాక్లెస్‌ఫీల్డ్ టౌన్. 1974లో అమెచ్యూర్, ప్రొఫెషనల్ తేడాను ఎత్తేశాక, ఇంకా కింది మెట్టు క్లబ్బులకు ఎఫ్.ఏ. వేజ్ వచ్చింది. 2016 నుంచి ట్రోఫీ, వేజ్ ఫైనళ్లను ఒకే రోజు వెంబ్లీలో ఆడిస్తున్నారు. చిన్న ఊరి క్లబ్బు ఆటగాడు కూడా దేశంలోకెల్లా పెద్ద స్టేడియంలో అడుగుపెట్టే దారి ఈ కప్పులతో ఏర్పడింది. మూడో, నాలుగో డివిజన్ క్లబ్బులకు 1983-84లో మొదలైన మరో కప్పులోకి 2016లో పెద్ద క్లబ్బుల అండర్-21 జట్లను రానిచ్చినప్పుడు అభిమానులు మ్యాచులను బహిష్కరించారు. తమకని కేటాయించిన చోటును పెద్దవాళ్ల పిల్లలకు పంచడం వాళ్లకు మింగుడు పడలేదు. ఆ కోపం న్యాయమైనదే.

భారతదేశంలో కథ వేరు. సిమ్లాలో 1888లో డ్యూరాండ్ కప్పు, బొంబాయిలో 1891లో రోవర్స్ కప్పు బ్రిటిష్ సైనిక జట్ల కోసం మొదలయ్యాయి. పౌర జట్లు తర్వాత వచ్చి చేరాయి. జాతీయ లీగు 1996 దాకా లేనే లేదు. కలకత్తాలో లీగు, ఆ లీగు తెచ్చే జనం, డబ్బు ఉన్నాయి. ఆ అండ లేని హైదరాబాద్ సత్తా చూపాలంటే రైలెక్కి వెళ్లి నాకౌట్ కప్పు ఆడడమే మార్గం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆ పనే చేసింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ ఫైనల్లో కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్‌ను ఓడించింది. హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాక, తర్వాత ఆంధ్రా పోలీస్ పేరుతో, 1963 వరకు మధ్యమధ్య రోవర్స్ కప్పును అందుకుంటూ వచ్చింది.

దీని వెనకున్న మనిషి బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన కోచ్. పైస్థాయి కప్పులకు కావలసిన పంటను ఆయన కింద నారుమడిలోనే పెంచారు. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు; అందులో బంతి అందగానే పాస్ ఇవ్వాల్సిందే. అలవాటు లేని కాలితోనే తన్నాలనే పోటీలూ పెట్టారు. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో ఒకసారి కాదు, మ్యాచంతా ఆడాలి. రెండు కాళ్లూ సమానంగా ఆడే ఆటగాళ్లు అలా తయారయ్యారు.

చిన్న జట్లకు నాకౌటే దారి అన్న ఈ వాదన మీద ఆక్షేపణలున్నాయి. నాకౌట్‌లో అదృష్టం పాలు ఎక్కువ, బలాబలాలు తేల్చేది లీగే అన్నది మొదటి ఆక్షేపణ. ఒక్క కప్పు విషయంలో అది నిజం కావచ్చు. అయిదేళ్ల వరుస విజయాలను అదృష్టం ఖాతాలో వేయలేం. సర్కారు ఉద్యోగాలున్న పోలీసు జట్టు చిన్న క్లబ్బు ఎలా అవుతుందన్నది రెండో మాట. ఉద్యోగం భరోసా ఇచ్చిన మాట నిజమే, దాన్ని తక్కువ చేయకూడదు. అయినా కలకత్తా క్లబ్బుల ఆకర్షణ ముందు ఆ భరోసా నిలవలేదు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు.

అన్నిటికన్నా బలమైనది మూడో ఆక్షేపణ. రోవర్స్ కప్పు 2000-01 దాకా జరిగింది, డ్యూరాండ్ ఇప్పటికీ జరుగుతోంది. మరి 1963లో రహీం మరణించాక హైదరాబాద్ పోలీసుల వైభవం ఎందుకు తిరిగి రాలేదు? కప్పు ఉంటే చాలదని దీనితో ఒప్పుకోవాలి. తలుపు తెరిచే ఉంది. దాని దాకా నడిపించే మెట్లు లేవు. ఇంగ్లండ్‌లో ట్రోఫీ, వేజ్ ఆ మెట్లు. ఇక్కడ ఆ పని ఒక్క మనిషి ఓపిక మీద సాగింది, ఆయనతోనే ఆగింది. 2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ గెలిచినా, జిల్లాల్లోని జట్లకు దానివల్ల కొత్త దారి ఏదీ ఏర్పడలేదు. అవకాశం దొరికితే చిన్న క్లబ్బు ఏం చేయగలదో 2025 డ్యూరాండ్ చూపింది. కింది శ్రేణి లీగైన ఐ-లీగ్ 2 నుంచి అప్పుడే పైకొచ్చిన డైమండ్ హార్బర్ క్లబ్బు సెమీఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి ఫైనల్ చేరింది. ఫైనల్లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్ చేతిలో 6-1తో ఓడినా ఆ ప్రయాణం విలువ తగ్గదు.

కాబట్టి తెలంగాణ ఫుట్‌బాల్ పెద్దలు చేయవలసిన పని ఒకటుంది. ఖానాపూర్, బెల్లంపల్లి, జగిత్యాల లాంటి ఊళ్ల జట్లకు మాత్రమే పరిమితమైన రాష్ట్ర నాకౌట్ కప్పును ఏటా ఒకే నెలలో, మానకుండా జరపాలి. దాని ఫైనల్‌ను హైదరాబాద్‌లో పెద్ద స్టేడియంలో ఆడించాలి.