యజమానురాలి పేరు లేదు, బానిస పేరు ఉంది

ఫ్రాన్సులో ఇప్పుడు లియోన్ అని పిలిచే పట్టణం రోమన్ల కాలంలో లుగ్దునం. క్రీ.శ. 177 ప్రాంతంలో, మార్కస్ ఔరేలియస్ చక్రవర్తిగా ఉండగా, అక్కడి క్రైస్తవుల మీద పెద్ద హింస జరిగింది. బతికి బయటపడినవారు ఆ సంగతులన్నీ గ్రీకులో రాసి ఆసియ, ఫ్రుగియ సంఘాలకు పంపారు. అంత దూరం ఎందుకంటే వాళ్ళలో కొందరి సొంత ప్రాంతం అదే. అత్తాలస్ పెర్గము మనిషి. వైద్యుడు అలెగ్జాండర్‌ది ఫ్రుగియ. పరాయి ఊళ్ళో ఉన్నవాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరం లాంటిదే అది. నాలుగో శతాబ్దంలో యూసేబియస్ తన సంఘ చరిత్రలో చేర్చబట్టి మనదాకా వచ్చింది. హతసాక్షి బ్లాండినా గురించి తెలిసేది అందులోనే.

ముందు వాళ్ళను స్నానశాలలకు, బజారుకు రానివ్వలేదు. తర్వాత కొట్టడాలు, దోపిడీలు, అరెస్టులు. కొందరు క్రైస్తవుల ఇళ్ళలో పనిచేసే బానిసలను పట్టుకుంటే, చిత్రహింసలకు భయపడి, మా యజమానులు మనుషుల మాంసం తింటారని అబద్ధం చెప్పేశారు. వాళ్ళను తప్పుపట్టడం సులభమే, ఆ గదిలో లేనివాళ్ళకు!

బ్లాండినా కూడా బానిసే. మన గల్ఫ్ ఖద్దామాకు జీతమైనా ఉంటుంది, ఆమెకు అదీ లేదు. బక్కపలచని మనిషి. ఆమె తట్టుకోలేదేమోనని తోటివారు, స్వయంగా యజమానురాలు కూడా భయపడ్డారు. ఆ యజమానురాలూ క్రైస్తవురాలే, అదే కేసులో ఉంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా వంతులవారీగా హింసించినవాళ్ళే చివరికి అలసిపోయారు. నేను క్రైస్తవురాలిని, మాలో చెడ్డపని ఏదీ జరగదు అన్నదే ఆమె జవాబు.

తర్వాత క్రీడారంగంలో గుంజకు వేలాడగట్టి మృగాలను వదిలారు. ఏదీ ఆమెను ముట్టలేదని ఉత్తరం చెబుతోంది. మళ్ళీ జైలుకు తీసుకుపోయారు. ఆటల చివరి రోజున పొంతికస్ అనే పదిహేనేళ్ళ కుర్రవాడితో కలిపి తెచ్చారు. వాడికి ధైర్యం చెప్పి, వాడు పోయాక, అందరికన్నా చివర ఆమె వంతు వచ్చింది. కొరడాలు, మృగాలు, కాల్చిన ఇనుప కుర్చీ, ఆపైన వలలో చుట్టి ఎద్దు ముందు పడేశారు. చివరకు చంపేశారు. ఇంత బాధ భరించిన ఆడమనిషిని ఎన్నడూ చూడలేదని చూడవచ్చిన జనమే ఒప్పుకున్నారట.

శవాలను ఆరు రోజులు బయట పడేసి, కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపారు. మళ్ళీ లేస్తారన్న నమ్మకం కూడా మిగలకూడదని! అందుకే ఆమెకు సమాధి లేదు. లియోన్‌లో క్రుఆ-రూస్ కొండ వాలున ఆ క్రీడారంగం శిథిలాలు ఉన్నాయి, నడుమ ఆమె గుర్తుగా ఒక స్తంభం నిలబెట్టారు. కతోలికులు ఆమెను ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు పాలక పునీతురాలిగా తలచుకుంటారు.

పండుగ జూన్ 2న. తొంభై దాటిన వయసులో జైల్లోనే ప్రాణం విడిచిన బిషప్పు పొథీనస్ పేరుతో కలిపి, పొథీనస్, బ్లాండినా, వారి సహచరులు అంటారు. ఆ యజమానురాలి పేరు ఉత్తరం రాసినవాళ్ళు ఎక్కడా రాయలేదు. ఆమె ఇప్పటికీ సహచరుల్లోనే ఉంది.