పరిశోధన పద్దు, ప్రకటన భాష
(ఎక్సాన్ చరిత్ర నుంచి ఒక పాఠం)

శాస్త్రం తటస్థమైనదనీ, పరిశోధనకు ఖర్చు పెట్టిన ప్రతి డబ్బూ మానవజాతి జ్ఞానానికి జమ అవుతుందనీ చదువుకున్నవాళ్లలో ఒక గట్టి నమ్మకం ఉంది. పెద్ద కంపెనీల వార్షిక నివేదికలు ఈ నమ్మకాన్ని బాగా వాడుకుంటాయి. ఆ నివేదికల్లో ‘పరిశోధన, అభివృద్ధి’ అని ఒక పద్దు ఉంటుంది. వాటాదారుడికి అది రేపటి లాభానికి హామీ. పత్రికలకు అది కంపెనీ ముందుచూపుకు రుజువు. సాహిత్య విద్యార్థికి మాత్రం అది తనకు సంబంధం లేని అంకె. ఈ మూడో అభిప్రాయం ఎంత పొరపాటో చూపడానికే ఈ వ్యాసం.

ఎక్సాన్‌మొబిల్ సంగతి చూద్దాం. 2015 నుంచి 2019 వరకు ఏటా ఈ పద్దు కింద 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయినట్టు కంపెనీ లెక్కలు చెబుతున్నాయి. 2018లో దాని రాబడి సుమారు 29,000 కోట్ల డాలర్లు. అంటే వంద డాలర్ల రాబడిలో పరిశోధనకు పోయింది నలభై సెంట్లు కూడా లేదు. అదే ఏడాది బావులు, కర్మాగారాలు మొదలైన వాటి మీద పెట్టిన పెట్టుబడి సుమారు 2,600 కోట్ల డాలర్లు. ఈ అంకెలు చూసి ‘ఇంత తక్కువా’ అని నోరు వెళ్లబెట్టడం తేలిక. కాని అసలు ప్రశ్న మొత్తానిది కాదు. ఆ డబ్బుతో పుట్టిన జ్ఞానం ఎవరి ఆస్తి? వ్యాపారానికి అడ్డం వచ్చిన జ్ఞానం ఏమయింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వార్షిక నివేదికలో దొరకదు. చరిత్రలో దొరుకుతుంది.

1

జాన్ డి. రాక్‌ఫెల్లర్ 1870లో స్టాండర్డ్ ఆయిల్‌ను స్థాపించినప్పుడు చమురంటే దీపాల కిరసనాయిలే. 1880లలో ఒహాయో రాష్ట్రంలోని లైమా దగ్గర విస్తారంగా చమురు దొరికింది. కాని అందులో గంధకం ఎక్కువ. కంపు కొట్టేది, దీపంలో పోస్తే చిమ్నీ మసిబారేది. కంపెనీ ఆ చమురును కారుచౌకగా కొని నిలవ చేసింది. జర్మనీలో పుట్టిన హెర్మన్ ఫ్రాష్ అనే రసాయన శాస్త్రజ్ఞుణ్ణి తెచ్చుకుంది. రాగి ఆక్సైడ్‌తో గంధకాన్ని తొలగించే పద్ధతిని ఆయన రూపొందించాడు. ఎవరూ కొనని సరుకు ఒక్కసారిగా బంగారమయింది. పరిశోధనకు పెట్టిన డబ్బు ఎన్ని రెట్లు తిరిగి వస్తుందో గుత్త సంస్థ నేర్చుకున్న తొలి పాఠం అది.

1911లో అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను 34 కంపెనీలుగా విడగొట్టింది. వాటిలో పెద్దది న్యూజెర్సీ స్టాండర్డ్. దానికే 1972లో ఎక్సాన్ అని పేరు పెట్టారు. విడిపోయిన కంపెనీల్లో ఇండియానా స్టాండర్డ్ చేతికి, బరువైన చమురును వేడితో, ఒత్తిడితో విరగ్గొట్టి ఎక్కువ పెట్రోలు తీసే పద్ధతి చిక్కింది. విలియం బర్టన్ దానికి 1913లో పేటెంటు పొందాడు. నిన్నటి తోబుట్టువుకే నేడు రుసుం కట్టవలసిన అవస్థ న్యూజెర్సీ కంపెనీకి వచ్చింది. 1919లో అది తన సొంత అభివృద్ధి శాఖను పెట్టుకుంది. దానికి అధిపతిగా వచ్చిన ఫ్రాంక్ హోవర్డ్ పేటెంట్ల న్యాయవాది. ఈ సంగతిని పాఠకులు తేలిగ్గా తీసుకోకూడదు. కొత్తది కనుక్కోవడం ఒక పని, కనుక్కున్నదానికి కంచె వేయడం ఇంకో పని. కంపెనీ ప్రయోగశాల ఈ రెండు పనులకూ కలిపి పుట్టింది.

ఈ శాఖ సాధించినవి చిన్నవి కావు. 1937లో బ్యుటైల్ రబ్బరు, 1942లో బేటన్ రూజ్‌లో మొదలైన కొత్త ఉత్ప్రేరక శుద్ధి విధానం దాని శాస్త్రజ్ఞుల ప్రతిభకు సాక్ష్యాలు. అయితే కంచె కథ కూడా అదే కాలంలో నడిచింది. 1929లో ఈ కంపెనీ జర్మనీకి చెందిన ఐ.జి. ఫార్బెన్‌తో ఒప్పందం చేసుకుంది. స్థూలంగా చెప్పాలంటే చమురు వీళ్లది, రసాయనాలు వాళ్లది. యుద్ధం వచ్చాక కృత్రిమ రబ్బరు కోసం అమెరికా తడుముకోవలసి వచ్చినప్పుడు ఈ పంపకం బయటపడింది. 1942లో ప్రభుత్వం పెట్టిన కేసును కంపెనీ రాజీతో ముగించుకుంది. చెల్లించిన జరిమానా 50,000 డాలర్లు.

2

జ్ఞానానికి కంచె వేయడం ఒక దశ. జ్ఞానానికి పేరు మార్చడం రెండో దశ. అది సీసంతో మొదలయింది.

1924లో న్యూజెర్సీ స్టాండర్డ్, జనరల్ మోటార్స్ కలిసి ఒక కంపెనీ పెట్టాయి. ఇంజను ‘కొట్టుకోకుండా’ పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు ద్రవాన్ని కలపడం దాని వ్యాపారం. సీసం విషమని అప్పటికి శతాబ్దాలుగా తెలుసు. అందుకే కంపెనీకీ సరుకుకీ పెట్టిన పేరులో సీసం అన్న మాటే లేదు. ‘ఇథైల్’ అన్నారు. అంతే. ఆ ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే కర్మాగారంలో ఆ ద్రవం తయారు చేస్తున్న కార్మికులకు మతి చలించింది. ఐదుగురు చనిపోయారు. కార్మికులు ఆ సరుకుకు తమ పేరు తాము పెట్టుకున్నారు: పిచ్చిగాలి. రెండు పేర్లలో ఏది నిజం చెప్పిందో వేరే చెప్పనక్కర్లేదు. కాని సీసాల మీద, బంకుల మీద, పత్రికల్లో నిలిచింది మొదటి పేరే.

తరవాత దాదాపు నాలుగు దశాబ్దాలు సీసం ఆరోగ్యాన్ని ఏం చేస్తుందన్న పరిశోధనకు ప్రధానంగా డబ్బిచ్చింది ఆ పరిశ్రమే. రాబర్ట్ కీహో అనే వైద్యుడు ఆ డబ్బుతో నడిచే ప్రయోగశాలకు పెద్ద. ఒక మోతాదు దాకా సీసం సహజమేనని, హాని లేదని ఆయన వాదన. 1965లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే భూరసాయన శాస్త్రజ్ఞుడు ఆ వాదాన్ని బద్దలు కొట్టాడు. మనుషుల ఒంట్లో ఉన్న సీసం సహజ స్థాయికి ఎన్నో రెట్లు మించిందని లెక్క కట్టాడు. అయినా మన దేశంలో సీసం పెట్రోలు అమ్మకం ఆగింది 2000లో. ప్రపంచం మొత్తం మీద ఆగింది 2021లో, అల్జీరియాలో చివరి నిలవ అయిపోయాక. బేవే మరణాలకూ ఈ తేదీకీ మధ్య 97 ఏళ్లు.

3

ఇక మన కాలపు కథ. 1973 చమురు సంక్షోభం తరవాత ఎక్సాన్ చేతిలో విపరీతంగా డబ్బు చేరింది. చమురు తరవాత ఏమిటన్న బెంగా చేరింది. ఆ కాలంలో దాని ప్రయోగశాలలు విశ్వవిద్యాలయాలకు దీటుగా పని చేశాయి. స్టాన్లీ విటింగ్‌హామ్ అక్కడే లిథియం బ్యాటరీకి పునాది వేశాడు. 2019లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. సూర్యకాంతితో కరెంటు తీసే పలకల ధర బాగా తగ్గించింది కూడా ఎక్సాన్ డబ్బుతో నడిచిన ఒక అనుబంధ కంపెనీయే.

1977 జూలైలో జేమ్స్ బ్లాక్ అనే కంపెనీ శాస్త్రజ్ఞుడు యాజమాన్య సంఘం ముందు నిలబడి ఒక విషయం చెప్పాడు. బొగ్గు, చమురు కాల్చడం వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, పెరుగుతోందనీ, దానివల్ల భూమి వేడెక్కుతుందనీ. ఇంధన విధానంలో కఠిన నిర్ణయాలు తీసుకోవడానికి ఐదు నుంచి పదేళ్ల వ్యవధి మాత్రమే ఉండవచ్చని మరుసటి సంవత్సరం రాసి కూడా ఇచ్చాడు. కంపెనీ ఆయన నోరు మూయించలేదు. పైగా 1979లో ఎస్సో అట్లాంటిక్ అనే 5 లక్షల టన్నుల చమురు ఓడలో కొలత పరికరాలు అమర్చింది. సముద్రం ఆ వాయువును ఎంత పీల్చుకుంటుందో తేల్చడం ఉద్దేశం. కొలంబియా విశ్వవిద్యాలయం వారి లామంట్ పరిశోధనాలయం ఇందులో భాగస్వామి. మూడేళ్లలో దీనికి కేటాయించింది 10 లక్షల డాలర్లకు పైన. అప్పుడు ఎక్సాన్ పరిశోధన విభాగం వార్షిక ఖర్చు 30 కోట్ల డాలర్లు. కిందనున్న అరలలో చమురు, పైన ఆ చమురు చేసే చెరుపును కొలిచే యంత్రం: ఏ కవీ ఇంతకన్నా సూటి ప్రతీకను కల్పించలేడు.

1982లో రోజర్ కోహెన్ అనే మరో కంపెనీ శాస్త్రజ్ఞుడు తమ లెక్కల ఫలితాన్ని పైవారికి రాశాడు. గాలిలో ఆ వాయువు రెట్టింపయితే భూమి సగటు ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీలు, ఒకటిన్నర అటూ ఇటూగా, పెరుగుతుందన్నదే శాస్త్రజ్ఞుల ఏకాభిప్రాయమని, తమ ఫలితం దానితో సరిపోయిందని చెప్పాడు. దాన్ని ప్రచురించనివ్వడం కంపెనీ నైతిక బాధ్యత అని కూడా రాశాడు. అన్నట్టే అవి శాస్త్ర పత్రికల్లో అచ్చయ్యాయి. ఎక్సాన్ అంచనాలను తరవాతి వాస్తవ ఉష్ణోగ్రతలతో పోల్చిన అధ్యయనం ఒకటి 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కొలిచే తీరును బట్టి ఆ అంచనాల్లో 63 నుంచి 83 శాతం సరిగ్గా నిలిచాయని అది తేల్చింది.

ఇంత మంచి పని ఎందుకు ఆగింది? 1980ల మొదట్లో చమురు ధర జారింది. ఖర్చుల కోత మొదలయింది. ఓడ మీది కొలతలు 1982లో ముగిశాయి. సౌర కంపెనీ, బ్యాటరీ పని కంపెనీ చేతుల్లోంచి జారిపోయాయి. ఇక్కడ కుట్ర వెతకనక్కర్లేదు. నేల బాగోగులకు సంబంధించిన ప్రశ్న చమురు ధర మీద ఆధారపడి బతకవలసి రావడమే అసలు దోషం. ధర పడిపోతే ప్రశ్నా పడిపోతుంది.

4

కుట్ర అనదగినది తరవాత వచ్చింది. అది జరిగింది ప్రయోగశాలలో కాదు, భాషలో.

1988లో జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ ముందు భూమి వేడెక్కడం మొదలయిందని సాక్ష్యం చెప్పాడు. ప్రభుత్వాలు కదిలే సూచన కనబడింది. అదే ఏడాది ఎక్సాన్ లోపలి పత్రం ఒకటి, శాస్త్ర నిర్ధారణల్లోని అనిశ్చితిని నొక్కి చెప్పాలని సూచించింది. 1989లో పరిశ్రమలన్నీ కలిసి ‘గ్లోబల్ క్లైమేట్ కొయలిషన్’ అని ఒక సంఘం పెట్టుకున్నాయి. 1997లో ఎక్సాన్ అధినేత లీ రేమండ్ పెకింగ్‌లో మాట్లాడుతూ, భూమి ఇరవై ఏళ్ల కిందటి కంటె చల్లగా ఉందన్నాడు. ఆ ఇరవై ఏళ్ల కిందటే బ్లాక్ యాజమాన్యానికి పాఠం చెప్పింది.

1999లో ఎక్సాన్‌లో కలిసిన మొబిల్ కంపెనీది మరో పద్ధతి. 1972 నుంచి 2001 వరకు ‘న్యూయార్క్ టైమ్స్’లో, సంపాదకీయానికి ఎదుటి పేజీలో, దాదాపు ప్రతి గురువారం డబ్బిచ్చి ఒక రచన వేయించుకునేది. అది చూడటానికి వ్యాసం. శీర్షిక, వాదన, చమత్కారం, ముగింపు అన్నీ ఉంటాయి. ప్రకటనే వ్యాసం వేషం కట్టింది.

2017లో జెఫ్రీ సుప్రాన్, నయోమి ఒరెస్కెస్ 1977 నుంచి 2014 దాకా ఈ రెండు కంపెనీలకు చెందిన 187 రచనలను వరసగా చదివారు. శాస్త్ర పత్రికల్లోని వ్యాసాల్లో 83 శాతం, లోపలి పత్రాల్లో 80 శాతం, భూమి వేడెక్కడం నిజమనీ మానవ కృత్యమనీ ఒప్పుకున్నాయి. పత్రికల్లోని వ్యాస ప్రకటనల్లో ఒప్పుకున్నవి 12 శాతం. అనుమానం వెలిబుచ్చినవి 81 శాతం. నిపుణుడితో ఒక మాట, పౌరుడితో ఒక మాట. ఇది సాహిత్య విమర్శ పద్ధతిలో సాధించిన చారిత్రక సత్యమని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

కంపెనీ దీన్ని ఒప్పుకోలేదు. పత్రాలను ఏరి కూర్చారంటుంది. తమ శాస్త్రజ్ఞులు బాహాటంగా ప్రచురించారు గనుక దాచిందేమీ లేదంటుంది. వాటాదారులను మోసగించారన్న కేసులో 2019లో న్యూయార్క్ కోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. అయితే ఆ తీర్పు వాతావరణ మార్పు విషయంలో కంపెనీని బాధ్యత నుంచి తప్పించదని న్యాయమూర్తే స్పష్టం చేశాడు. ప్రచురించారన్నది నిజమే. కాని ఎక్కడ? వందలమంది చదివే శాస్త్ర పత్రికలో. అనుమానాన్ని ప్రచురించింది ఎక్కడ? లక్షలమంది చదివే దినపత్రికలో. దాచడానికి తాళం వేయనక్కర్లేదు. సత్యాన్ని చదివేవాళ్లు లేని చోట పెట్టి, సందేహాన్ని చదివేవాళ్లున్న చోట పెడితే చాలు.

‘అనిశ్చితి’ అన్న మాటనే చూడండి. శాస్త్రజ్ఞుడి నోట అది వినయం. 3 డిగ్రీలు, ఒకటిన్నర అటూ ఇటూ అన్నప్పుడు తన కొలతకు ఎంత మేర కట్టుబడగలడో నిజాయితీగా చెబుతున్నాడు. అదే మాట ప్రకటనలోకి వచ్చేసరికి ‘ఇప్పుడేమీ చేయవద్దు’ అని అర్థం మారింది. మాట మారలేదు, యజమాని మారాడు.

5

ఇది గతించిన కథ కాదు. 2009లో ఎక్సాన్‌మొబిల్ నాచు నుంచి ఇంధనం తీసే పరిశోధనకు 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని ప్రకటించింది. ఏళ్ల తరబడి పచ్చని నాచు దాని ప్రకటనల్లో మెరిసింది. 2023 మొదట్లో ఆ పరిశోధనకు కంపెనీ డబ్బు ఆగిపోయిందన్న వార్త వచ్చింది. అదే ఏడాది చివర అర్కాన్సాలో బ్యాటరీల కోసం లిథియం తీస్తామని కంపెనీ చెప్పింది. తన ప్రయోగశాలలో పుట్టి, తానే వదిలేసిన బ్యాటరీ ప్రపంచాన్ని ఆక్రమించాక, దానికి ముడిసరుకు అమ్మడానికి వెనక్కి వచ్చింది.

శాస్త్రజ్ఞులను దీనికి దోషులుగా నిలబెట్టడం అన్యాయం. బ్లాక్, కోహెన్ తమ పని నిజాయితీగా చేశారు. నిజాన్ని కనుక్కునే హక్కు వారికుంది. దాన్ని ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో నిర్ణయించే హక్కు లేదు. ఆ రెండో హక్కు దగ్గరే రచయితల బాధ్యత మొదలవుతుంది. ఐడా టార్బెల్ 1902 నుంచి 1904 వరకు ‘మెక్‌క్లూర్స్’ పత్రికలో స్టాండర్డ్ ఆయిల్ చరిత్ర రాసినప్పుడు ఆమె చేతిలో ప్రయోగశాల లేదు. కోర్టు రికార్డులు, సాక్ష్యాలు, ఓపిక ఉన్నాయి. 2015లో ఎక్సాన్ పాత పత్రాలను బయటికి లాగిన విలేకరులదీ అదే సాధనసంపత్తి. పద్దులను, ప్రకటనలను, నివేదికలను రచనలుగా చదవడం, వాటిలో కర్త ఎవరో, కర్మ ఎవరో, క్రియను ఎక్కడ దాచారో తేల్చడం సాహిత్య విద్యార్థికి చేతనయిన విద్యే. కవిత్వంలో పదానికి లెక్క అడిగే మనం, బతుకును శాసించే వచనాన్ని లెక్క అడగకుండా వదిలేయడానికి వీల్లేదు.