పేజీ వారిది, కళ్లు మనవి

ఈ ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు కాకుండా, ఇప్పటి మన జీవితానికి పనికివచ్చే చరిత్ర ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను ప్రభుత్వ ముద్రణాలయంలో కంపోజిటరుగా చేరి, ప్రూఫ్ రీడరుగా రిటైరయినవాణ్ణి. అక్షరాలతో తప్ప మరి దేనితోనూ నాకు పెద్దగా పరిచయం లేదు. అందుచేత అక్షరాల గురించే రాస్తున్నాను. కాకపోతే ఇవి సీసపు అక్షరాలు కావు. కంప్యూటరు తెర మీద, సెల్‌ఫోను మీద బ్రౌజరు మనకు చూపించే అక్షరాలు.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నవంబరు నెలలో లైఫ్ సర్టిఫికెట్ పెట్టడానికి మా వీధి చివర ఇంటర్నెట్ దుకాణానికి వెళ్లాను. అక్కడి అబ్బాయి నా పెన్షన్ నెంబరు కొట్టి, "చూసుకోండి సార్, కరెక్టేనా?" అని తెర నావైపు తిప్పాడు. అప్పటికే నా కుడికంట్లో శుక్లం ముదిరి ఉంది. తెర మీద అక్షరాలు చీమల బారులాగా కనిపించాయి. కనిపించడం లేదని చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. "కరెక్టే" అన్నాను. అందులో 3 ఉండవలసిన చోట 8 పడింది. ఆ పొరపాటు సరిదిద్దుకునేసరికి నాకు రెండు నెలల పెన్షన్ ఆగింది. జీవితమంతా ఇతరుల అచ్చుతప్పులు పట్టుకుని జీతం తీసుకున్నవాణ్ణి, నా సొంత నెంబరులో ఒక్క అంకె పట్టుకోలేకపోయాను. డబ్బు తరువాత వచ్చింది గాని, ఆ సిగ్గు చాలాకాలం పోలేదు. ఆ తరువాత కంప్యూటరు ముందు కూర్చోవడమే మానేశాను.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మనవరాలు ఈ సంగతి విని, తన కంప్యూటరు నా ముందు పెట్టింది. కంట్రోల్ అనే మీట నొక్కిపట్టి, ప్లస్ గుర్తు ఉన్న మీట నాలుగుసార్లు నొక్కింది. పేజీలోని అక్షరాలు ఒక్కొక్క నొక్కుకూ పెరుగుతూ వచ్చాయి. "చాలా తాతయ్యా, ఇంకా పెంచనా?" అంది. 24 పాయింట్ల టైపు అంత స్పష్టంగా ఉంది. "ఈ ఏర్పాటు ఎప్పుడు పెట్టారమ్మా?" అన్నాను. "మొదటినుంచీ ఉంది తాతయ్యా" అంది. ఆ మొదలు ఎక్కడుందో తెలుసుకోవాలన్న పట్టుదలతో చదివి గ్రహించిన చరిత్రే ఈ వ్యాసం.

1989 మార్చిలో టిమ్ బెర్నర్స్-లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఒక ప్రతిపాదన సమర్పించారు. ఆయన జెనీవా నగరం దగ్గరున్న సెర్న్ అనే అణు పరిశోధన సంస్థలో పనిచేసేవారు. అక్కడి శాస్త్రజ్ఞుల వద్ద రకరకాల కంప్యూటర్లు ఉండేవి. ఒక దానిలో ఉన్న పత్రం మరొక దానిలో తెరుచుకునేది కాదు. ఎవరి పత్రమైనా ఎవరైనా చదవగలిగే ఏర్పాటు ఉండాలన్నది ఆయన ఆలోచన. 1990 చివరికి నెక్స్ట్ అనే కంప్యూటరు మీద మొట్టమొదటి బ్రౌజరు తయారుచేశారు. ఇంటర్నెట్‌లోని పేజీలను తెచ్చి చూపించే సాధనాన్నే బ్రౌజరు అంటారు. తెలుగు కంప్యూటరు ప్రియులు దానికి 'విహారిణి' అనే చక్కని పేరు పెట్టారు.

మన ప్రెస్సు వారికి ఆయన పద్ధతి తేలికగా అర్థమవుతుంది. రచయిత రాతప్రతిలో 'ఇది శీర్షిక, ఇది పేరా' అని గుర్తు పెట్టి పంపుతాడు. ఏ టైపు వాడాలి, ఎన్ని పాయింట్లు ఉండాలి అన్నది ప్రెస్సులో ఫోర్‌మన్ నిర్ణయిస్తాడు. బెర్నర్స్-లీ గారి పద్ధతీ ఇదే. పేజీ రాసినవారు గుర్తులు మాత్రమే పంపుతారు. అక్షరం రూపం, పరిమాణం సంగతి బ్రౌజరు చూసుకుంటుంది. అంటే ఆ ఫోర్‌మన్ ప్రెస్సులో కాకుండా చదివేవారి ఇంట్లోనే ఉన్నాడన్నమాట. ఆయన బ్రౌజరులో అక్షరాల తీరుతెన్నులు నిర్ణయించే ఏర్పాటు ఉండేది. పేజీని ఎలా చూపాలన్నది ఆయా బ్రౌజర్లు తమ పాఠకుల కోసం నిర్ణయించుకోవలసిన విషయమని ఆయన భావించారు. మా మనవరాలు చెప్పిన 'మొదటినుంచీ' అన్నమాట అక్షరాలా నిజం.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా అనే యువకులు మొజాయిక్ అనే బ్రౌజరు తయారుచేశారు. అక్షరాల మధ్యనే బొమ్మలు కూడా కనిపించేసరికి జనం దానివైపు విరగబడ్డారు. పేజీలు తయారుచేసేవారికి అప్పటినుంచీ ఒక అసంతృప్తి మొదలయింది. 'మేము కోరిన రంగు, మేము కోరిన అక్షరం చదివేవారికి కనిపించాలి గదా' అని వారి వాదన. 1994 డిసెంబరులో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్, మరుసటి ఆగస్టులో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పోటీపడి వారి కోరిక తీర్చసాగాయి. అక్షరం సైజు, పేజీ రంగు పేజీ రాసేవారే నిర్ణయించే గుర్తులు వచ్చాయి. అయినా నెట్‌స్కేప్ సెట్టింగులలో 'పేజీ ఏమి చెప్పినా సరే, ఎల్లప్పుడూ నా రంగులే వాడు' అని ఆజ్ఞాపించే గడి ఒకటి ఉండేది. దానిలో టిక్కు పెడితే చాలు, పాఠకుడి మాటే చెల్లేది.

ఈ తగవు తీర్చడానికి ముందుకొచ్చినవారు నార్వే దేశస్థుడు హోకున్ వియుమ్ లీ. ఆయన కూడా అప్పట్లో సెర్న్‌లోనే ఉండేవారు. 1994 అక్టోబరు 10న ఆయన 'కాస్కేడింగ్ స్టైల్ షీట్స్' అనే ప్రతిపాదన ప్రకటించారు. ఇప్పుడు దానినే పొట్టిగా సీఎస్ఎస్ అంటున్నారు. పేజీలోని విషయం వేరుగా, అలంకరణ వేరుగా ఉండాలన్నది దాని సారాంశం. రాసేవారికి ఒక అలంకరణ పత్రం, చదివేవారికి ఒక అలంకరణ పత్రం ఉంటాయి. ఆ తొలి ప్రతిపాదనలో ఇద్దరి మాటకూ ఎంతెంత బలమో శాతాలలో చెప్పుకునే ఏర్పాటు కూడా ఉంది. అన్నదమ్ముల వాటాల పంపకంలాంటిదే. శాతాల లెక్క ఆచరణలోకి రాలేదు గాని, ఇద్దరికీ మాట ఉండాలన్న సూత్రం నిలిచింది. బెర్ట్ బాస్ అనే డచ్చి నిపుణుడు ఆయనతో కలిశారు. వీరి కృషి ఫలితంగా సీఎస్ఎస్ మొదటి ప్రమాణం 1996 డిసెంబరు 17న వెలువడింది.

ఈ తేదీ చూడగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. డిసెంబరు 17 మన పెన్షనర్ల దినం! 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షన్ అనేది యజమాని దయతో ఇచ్చే బహుమానం కాదు, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు, తేదీలు కలవడం కాకతాళీయమే. కాని తరువాత జరిగినది చదివితే, రెండు చోట్లా ప్రశ్న ఒకటేనని నాకు తోచింది.

మొదటి ప్రమాణంలో ఒక లోటు ఉండేది. రాసేవారు, చదివేవారు ఇద్దరూ తమ ఆజ్ఞకు 'ముఖ్యం' అని గుర్తు పెట్టవచ్చు. ఇద్దరూ పెట్టినప్పుడు రాసేవారి మాటే నెగ్గేది. 1998 మే 12న వెలువడిన రెండవ ప్రమాణంలో దీనిని తలకిందులు చేశారు. ఇద్దరూ 'ముఖ్యం' అన్నప్పుడు చదివేవారి మాటే నెగ్గాలి. పెద్ద అక్షరాలు, ప్రత్యేకమైన రంగులు అవసరమైనవారికి పేజీ మీద అధికారం ఉండాలన్నదే ఈ మార్పునకు కారణమని ఆ ప్రమాణంలోనే రాశారు. అక్షరం పెద్దది చేసుకోవడం కూడా దయాభిక్ష కాదు, మన హక్కే అని ఆనాడే తేల్చారన్నమాట.

హక్కు కాగితం మీద ఉంటే చాలదని మనకు బాగా తెలుసు. జీ.వో. వచ్చినా అమలుకు ఎన్నేళ్లు పడుతుందో చూసినవాళ్లమే. ఇక్కడా అంతే అయింది. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆరవ కూర్పులో అక్షరాలు పెంచే మెనూ ఉంది. కాని పేజీ రాసినవారు అక్షరాన్ని పిక్సెళ్లలో, అంటే తెరమీది చుక్కల లెక్కలో బిగిస్తే ఆ మెనూ పనిచేసేది కాదు. 2006లో ఏడవ కూర్పుతో పేజీ మొత్తాన్ని పెంచే జూమ్ వచ్చింది. నార్వే వారి ఒపేరా బ్రౌజరులో మాత్రం ఈ సౌకర్యం అంతకు చాలా ముందునుంచే ఉంది. 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి కూర్పు విడుదలయింది. బ్రౌజరు రూపురేఖలు మార్చుకునే థీములు, కొత్త పనులు నేర్పే చేర్పులు దానివల్ల సామాన్యులకు అందుబాటులోకి వచ్చాయి. 2008లో గూగుల్ క్రోమ్ వచ్చింది.

తెలుగువారికి ఇంకొక చిక్కు ఉండేది. మనదేశంలో 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. కొద్దికాలానికే తెలుగు పత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. కాని ఒక్కొక్క పత్రికకు సొంత ఫాంటు. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లు అవి. ఆ ఫాంటు లేకపోయినా, 'నా ఫాంటే వాడు' అని బ్రౌజరుకు చెప్పినా తెలుగు మాయమై అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు మిగిలేవి. ఇంగ్లీషు పాఠకుడికి దక్కిన హక్కు తెలుగు పాఠకుడికి చాలాకాలం దక్కలేదు.

దీనికి పరిష్కారం యూనికోడ్. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కొక్క స్థిరమైన సంఖ్య ఇచ్చిన పట్టిక అది. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చాక మామూలు ఇళ్లలోనూ యూనికోడ్ తెలుగు కనిపించసాగింది. పత్రికల సొంత ఫాంట్లను యూనికోడులోకి మార్చి చూపించే 'పద్మ' అనే చేర్పు ఫైర్‌ఫాక్స్‌కు వచ్చింది. క్రమంగా పత్రికలే యూనికోడుకు మారాయి. ఇప్పుడు తెలుగు పేజీని కూడా మనకు నచ్చిన ఫాంటులో, కావలసిన సైజులో చదువుకోవచ్చు. ఇంగ్లీషు కన్నా మనకే ఈ అవసరం ఎక్కువ. మన లిపిలో గుణింతం పైన, వత్తు కింద ఉంటాయి. బ్రౌజర్లు మామూలుగా చూపే 16 పిక్సెళ్ల సైజులో ఇంగ్లీషు బాగానే తెలుస్తుంది. మన 'ష్ట్ర'లో వత్తులు మాత్రం ముసలి కళ్లకు అందవు.

ఈ చరిత్ర అంతా ముందుకే నడిచిందని చెప్పలేను. పాఠకుడు సొంత అలంకరణ పత్రం పెట్టుకునే సదుపాయాన్ని క్రోమ్ 2014లో తీసివేసింది. ఫైర్‌ఫాక్స్‌లో అది ఇంకా ఉన్నా, 2019నుంచి వెతికి తెరిస్తే గాని పనిచేయదు. వాడేవారు కొద్దిమందేనన్న కారణంతో వాడని సదుపాయాలు ఒక్కొక్కటే వెనక్కు పోతుంటాయి. అందుచేత ఉన్నవాటిని మనం వాడుకోవాలి.

ఇవి చాలా తేలిక. కంప్యూటరులో కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కితే పేజీ పెరుగుతుంది. కంట్రోల్, మైనస్ నొక్కితే తగ్గుతుంది. కంట్రోల్, సున్నా నొక్కితే మొదటి సైజుకు వస్తుంది. ఏమి నొక్కితే ఏమవుతుందోనన్న భయం అక్కరలేదు. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో అప్పియరెన్స్ అనే భాగానికి వెళితే అన్ని పేజీలకూ ఒకేసారి ఫాంట్ సైజు మార్చవచ్చు. అక్కడే కనీస సైజు కూడా పెట్టవచ్చు. సెల్‌ఫోను క్రోమ్‌లో అయితే సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ చూడాలి. ఫైర్‌ఫాక్స్, సఫారీలలో ఉన్న రీడర్ అనే గుర్తు నొక్కితే ప్రకటనలు పోయి వ్యాసం ఒక్కటే మిగులుతుంది. ఒక హెచ్చరిక. అక్షరాలు పెంచుతామంటూ ఊరూపేరూ తెలియని చేర్పులేవీ వేయించుకోకండి. మీరు చూసే పేజీలన్నీ అవి చదవగలవు, అందులో బ్యాంకు పేజీలూ ఉంటాయి. బ్రౌజరులో ఉన్న ఏర్పాట్లే మనకు చాలు.

మరుసటి నవంబరులో అదే దుకాణానికి మళ్లీ వెళ్లాను. ఆ అబ్బాయి తెర తిప్పగానే, "కాస్త అక్షరాలు పెంచు నాయనా, కనిపించడం లేదు" అన్నాను. పెంచాడు. ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి, పాత అలవాటు ప్రకారం రెండుసార్లు చదివి, అప్పుడు "కరెక్టే" అన్నాను. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన మెల్లగా, "నాకూ అలాగే పెట్టు బాబూ" అన్నారు. ఆయన కూడా నాలాగే ఎన్నాళ్లనుంచి మొహమాటపడుతున్నారో!

సభ్యులకు నాదొక మనవి. వచ్చే నెలవారీ సమావేశానికి మీ ఫోను తెచ్చుకోండి. అక్షరాలు కనిపించడం లేదని చెప్పడానికి సంకోచించకండి. తెలిసినవాళ్లం తెలియనివారికి చేసిపెడదాం. పట్టేది రెండు నిమిషాలే. ఇంతటితో సెలవు.