అలలపై తొలి అడుగు... కోవళం తీరంలో

సముద్రపు ఒడ్డున నిలిచి, కెరటాలను కనులారా చూసి తిరిగివచ్చేవారే మన తీర ప్రాంతాల్లో అధికం. ఆ కెరటాలపై పలక వేసి, దానిపై నిలబడి ఒడ్డు వరకు సాగివచ్చే క్రీడే సర్ఫింగ్. దీనిని నేర్వదలచిన నెల్లూరు, తిరుపతి జిల్లాల వారికి చేరువలో ఉన్న ఊరు తమిళనాడులోని కోవళం. చెన్నైకి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన, చెంగల్పట్టు జిల్లాలో ఉన్న మత్స్యకార గ్రామమిది. అయితే తొలిసారి వెళ్లేవారు అలల అందంతోపాటు వాటి స్వభావాన్నీ తెలుసుకోవడం అత్యవసరం. పైకి ప్రశాంతంగా కనిపించే నీరే ఒక్కోసారి ఎత్తయిన అలకంటే ప్రమాదకరమవుతుంది.

రేవు నుంచి క్రీడాస్థలి వరకు

కేరళలో తిరువనంతపురం సమీపాన ఉన్న సుప్రసిద్ధ కోవళం వేరు, ఇది వేరు. ఆంగ్లేయుల కాలపు పత్రాల్లో ఈ ఊరి పేరు 'కోవ్‌లాంగ్' అని కనిపిస్తుంది. 18వ శతాబ్దంలో ఇది వర్తక రేవు. ఆస్టెండ్ కంపెనీ ఇక్కడ స్థావరం నెలకొల్పింది. 1752లో రాబర్ట్ క్లైవ్ సేన ఇక్కడి కోటను ఫ్రెంచివారి నుంచి స్వాధీనం చేసుకుంది. తరువాత కోట నేలమట్టమైంది. రేవు వైభవం అంతరించినా చేపలవేట నిలిచింది.

తెప్పపై నిలబడి విరిగే అలలను దాటడం కోరమాండల్ తీరంలోని జాలరులకు తరతరాల విద్య. సర్ఫింగ్ అనే పేరు తెలియకముందే ఇక్కడివారు అలల నాడి ఎరిగినవారు. ఈ గ్రామపు మత్స్యకారుడు మూర్తి మేగవన్ చెక్కపలకతో అలలపై ఆడుకుంటూ ఎదిగి, సర్ఫింగ్ నేర్చి, తోటి యువకులకు నేర్పారు. 2012లో ఆయన చొరవతో ఇక్కడ సర్ఫింగ్ పాఠశాల ఏర్పడింది. 2013లో సర్ఫింగ్ ఉత్సవం మొదలైంది. వేటపైనే ఆధారపడిన కుటుంబాల యువకులు కొందరు శిక్షకులుగా మారారు. 2021లో కోవళం బీచ్‌కు బ్లూఫ్లాగ్ గుర్తింపు లభించింది.

చేరుకోవడం ఎలా?

నెల్లూరు నుంచి చెన్నైకి రైలులోగాని, జాతీయ రహదారిపై బస్సులోగాని చేరవచ్చు. దూరం సుమారు 175 కిలోమీటర్లు. చెన్నైలో తిరువాన్మియూరు చేరుకుంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా మహాబలిపురం వైపు సాగే బస్సులు ఉంటాయి. ఉదయపు అలలను అందుకోదలచినవారు ముందురోజు రాత్రికే ఊరు చేరడం మేలు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకొని నీటిని చెదరగొడుతుంది. తెల్లవారి గాలి నెమ్మదిగా ఉన్న వేళ అలలు చక్కని వరుసలో వస్తాయి.

ఏ కాలం అనుకూలం?

సంవత్సరారంభపు నెలల్లో అలలు సాధారణంగా చిన్నవిగా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారికి అవే తగినవి. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ దిశ నుంచి వచ్చే అలలు బలపడతాయి. అవి అనుభవజ్ఞులకే అనువైనవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, తుపానుల కాలం. అప్పుడు ప్రయాణానికి ముందు వాతావరణ హెచ్చరికలు చూసుకోవడం తప్పనిసరి. హైదరాబాద్‌లోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) తీర ప్రాంతాల అలల ఎత్తుపై ముందస్తు సమాచారం ఇస్తుంది. దానిని మత్స్యకారులే కాదు, పర్యాటకులూ వినియోగించుకోవచ్చు.

లోనికి లాగే ప్రవాహం

ఒడ్డుకు చేరిన నీరు తిరిగి సముద్రంలోకి వెళ్లేటప్పుడు ఒకే ఇరుకు దారి పట్టడం వల్ల ఏర్పడేదే రిప్ కరెంట్. అలలు విరుగుతున్న చోటుల నడుమ, నురుగు లేక నునుపుగా కనిపించే నీటిపట్టీ దీని గుర్తు. అక్కడే స్నానం సులభమని భ్రమపడి దిగేవారు చిక్కుకుంటారు. దీని వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. గజ ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. చిక్కుకున్నవారు ఒడ్డువైపు ఎదురీది అలసిపోరాదు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం దాటిన తరువాత, అలల వెంట ఒడ్డుకు చేరాలి. ఈదే శక్తి లేకుంటే నీటిపై తేలుతూ చేయెత్తి సహాయం కోరాలి. పలక ఉన్నవారు దానిని విడవరాదు.

తొలి పాఠం

మొదటి పాఠం ఇసుకపైనే. పలకపై బోర్లా పడుకొని, చేతులతో నీటిని తోయడం, ఒక్క ఊపున లేచి మోకాళ్లు వంచి నిలబడటం అక్కడే నేర్పుతారు. తరువాత నడుములోతు నీటిలో, విరిగి నురుగైన అలపై సాధన. కొత్తవారికి మెత్తని పైపొర గల ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవైన పలక అనుకూలం. పలకను కాలికి కలిపే తాడు లేకుండా నీటిలో దిగరాదు. తమకూ వచ్చే అలకూ మధ్య పలకను అడ్డంగా ఉంచుకుంటే అది ఎగిరివచ్చి ముఖానికి తగిలే అవకాశం ఉంది. పడిపోయినప్పుడు చేతులతో తలను కాపాడుకుంటూ పైకి రావాలి. ఈత రానివారు ఆ విషయం శిక్షకునికి ముందే చెప్పాలి. మద్యం సేవించి నీటిలో దిగడం ఎంతమాత్రం తగదు.

తీరం వారి పనిస్థలం

పడవలు దిగే చోటు, వలలు ఆరబెట్టే ఇసుక, చేపల వేలం జరిగే స్థలం జాలరుల జీవనాధారం. పడవల దారిలో పలక వేయడం, వలలు తొక్కడం, అడగకుండా ఫొటోలు తీయడం తగదు. గ్రామంలోని దర్గా, కార్మెల్ మాత చర్చి భక్తుల రాకతో కళకళలాడతాయి. నీటి దుస్తులతో ఆ పరిసరాలకు వెళ్లకపోవడం మర్యాద. సమీపంలో ముట్టుకాడు వద్ద దక్షిణచిత్ర, వడనెమ్మేలి వద్ద మొసళ్ల కేంద్రం, మరింత దక్షిణాన మహాబలిపురం శిల్పాలు ఉన్నాయి. అందువల్ల అలలు అనుకూలించని రోజూ ప్రయాణం వృథా కాదు. ఆనాడు స్థానిక జాలరి దిగవద్దన్నచోట దిగకపోవడమే తొలి యాత్రికుడు పాటించవలసిన మొదటి నియమం.