బీబీ నాంచారి పుట్టింటోళ్లం

ఉగాది తెల్లవారుజామున దేవుని కడపకు పోతే గుడి ముందు వరుసలో బురఖాలు కనిపిస్తాయి. సంచుల్లో బియ్యం, బ్యాళ్లు, బెల్లం, చింతపండు. లక్ష్మీ వెంకటేశ్వరునికి ఆరోజు మేమిచ్చే భత్యం అది. బీబీ నాంచారి మా ఇంటి ఆడపిల్ల. ఆమెను చేసుకున్నాడు గనక వెంకటేశ్వరుడు మా అల్లుడు. పండగపూట అల్లుడింటికి వట్టి చేతుల్తో పోతామా?

ఎవరీ నాంచారి? ఢిల్లీ సుల్తాను కూతురనీ, సైన్యం ఎత్తుకుపోయిన విగ్రహాన్ని ప్రేమించి, దాని వెంటే దక్షిణాదికి వచ్చేసిందనీ వైష్ణవుల కథ. శ్రీరంగంలో ఆమె తులుక్క నాచ్చియార్. అక్కడ ఆమెకు విగ్రహం లేదు, చిత్రమే. నైవేద్యం రొట్టె. కర్ణాటకలోని మేల్కోటలో ఆమె బీబీ నాచ్చియార్. అక్కడి కథలో విగ్రహాన్ని ఢిల్లీ నుంచి తెచ్చినవాడు రామానుజుడు. సంప్రదాయం లెక్కన ఆయన పోయింది 1137లో. ఢిల్లీలో సుల్తానులు మొదలైంది 1206లో! దక్షిణం మీదికి మాలిక్ కాఫర్ దండు వచ్చింది 1311లో, తుగ్లక్ సేనలు 1323లో. ఆ దాడుల తర్వాత, పోయిన విగ్రహాల బాధలోంచి జనం ఈ కథ అల్లుకున్నారనే మా నమ్మకం.

పేరు చూడండి. బీబీ అంటే ఉర్దూలో అమ్మగారు. నాంచారి తమిళ నాచ్చియారే, అంటే అదీ అమ్మగారే. ఒక్క ఆడమనిషిని రెండు భాషలవాళ్లూ ఒకే మర్యాదతో పిలుచుకున్నారు.

కథలో మాకు మింగుడుపడనిదీ ఉంది. పిల్ల అటే పోతుంది, ఇటు ఎవరూ రారు. దండెత్తినవాడి కూతురే వచ్చి పాదాల దగ్గర చేరిందన్న తృప్తి అందులో దాగుందేమో. కానీ కడప ముస్లింలు ఆ కథను తమ వైపు తిప్పుకున్నారు. గుడికి ఓడినోళ్లలా పోలేదు, పిల్లనిచ్చినోళ్లలా పోయారు. అల్లుడు ఎంత గొప్పోడైనా మామ ముందు అల్లుడే కదా.

ఏటా ఉగాదికి పత్రికలు ఆ ఫోటో వేసి 'మతసామరస్యం' అని శీర్షిక పెడతాయి. మేమూ పెట్టినోళ్లమే. 1992 డిసెంబరు 6 తర్వాత అదే ఫోటో మంచి ముస్లిం సర్టిఫికెట్ అయి కూర్చుంది. అదే కడపలో అమీన్ పీర్ దర్గా ఉరుసుకు వచ్చే హిందువుల్ని ఎవరైనా రుజువులు అడిగారా? ఇటు మావాళ్లు కొందరు ఈ మొక్కు షిర్క్ అంటారు, మానుకొమ్మంటారు.

దాదీకి ఈ రెండు తగవులూ పట్టవు. భత్యం ఇచ్చేసి, కొబ్బరిచిప్ప కొంగున కట్టుకుని, మనవళ్లు నిద్ర లేవకముందే ఇల్లు చేరాలని ఆమె తొందర.